చప్పుడు చేయని బెల్ట్: మందస నుంచి టెక్కలి దాకా ఒక ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం ఒక కీచు శబ్దం. మందస దాటి సముద్రం వైపు వెళ్తుంటే, జీడితోటలు పలచబడి కొబ్బరితోటలు మొదలయ్యే చోట మా ఊరు ఉంటుంది. అక్కడ మా యోహాను మావయ్యకు ఒక పాత డీజిల్ కారు ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టును, మంగళ, గురు, శనివారాలు ఇంకో జట్టును పలాసలో డయాలిసిస్‌కి తీసుకెళ్ళి తీసుకురావడం ఆ కారు పని. ఉదయం ఐదింటికే బయలుదేరాలి. ఆరున్నరకల్లా మిషను దగ్గర లేకపోతే ఆ రోజు వరస తప్పిపోతుంది. రెండు వారాలుగా స్టార్ట్ చేసినప్పుడల్లా బానెట్ లోంచి కీచుమని ఒక అరుపు వస్తోంది. మావయ్య దానికి అలవాటు పడిపోయాడు. నేను పడలేకపోయాను. తెల్లవారకుండానే ఆ అరుపుకి లేచి కూర్చుంటూ, ఈ మనిషి దీన్ని ఎందుకు బాగుచేయించడు అని పళ్ళు కొరుక్కునేవాడిని.

ఎందుకు చేయించడో నాకు తెలుసు. వారంలో ఆరు రోజులు కారు ఖాళీగా ఉండదు. ఏడో రోజు ఆదివారం. మావయ్య మా ఊరి బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆదివారం తనకు పని లేదు, బండికి పని లేదు, దానికి పానా కూడా తగలకూడదు. అదీ ఆయన నియమం. నేను మూడేళ్ళ కిందటే చర్చికి వెళ్ళడం మానేశాను. ఇంటర్ చదివే రోజుల్లో పలాస స్టేషన్ బయట ఎవరో చేతిలో పెట్టిన కరపత్రంతో మొదలైంది నా చదువు. ఇప్పుడు మంచం కింద రెండు గోనెసంచుల కరపత్రాలు ఉన్నాయి. మా ప్రాంతంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయనే దాని మీదే నాలుగున్నాయి. నాలుగూ నాలుగు కారణాలు చెబుతాయి. నాలుగూ నేను నమ్మాను. వస్తువుల గురించి చదివినవాటిలో మాత్రం నాకు అనుమానం లేదు. పాడవని వస్తువును పాడైందని నమ్మించి కొత్తది అంటగట్టడమే ఇవాళ్టి వ్యాపారం. కాబట్టి ఒక ఆదివారం మావయ్య చర్చిలో ఉండగా కారు తీసుకెళ్ళి, శబ్దం పోగొట్టించి, ఎవరి చేతిలోనూ మోసపోకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా తిరిగి తెచ్చి పెట్టేయాలని నిర్ణయించుకున్నాను.

ఉదయం ఎనిమిదికి మావయ్య తెల్లచొక్కా వేసుకుని సండే స్కూలుకి వెళ్ళగానే మేకుకున్న తాళం తీసుకున్నాను. మా ఊరి నుంచి మందస, హరిపురం మీదుగా జాతీయ రహదారి ఎక్కి పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గ చేరడానికి ఇరవై ఆరు కిలోమీటర్లు, ముప్పావు గంట. హరిపురంలో టీ పది రూపాయలు. పొద్దున్నే వెళ్ళేవారు అక్కడ ఆగండి, పెసరట్టు కూడా దొరుకుతుంది. కాశీబుగ్గ దగ్గరపడే కొద్దీ జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకి తగులుతుంది. పలాస వచ్చేసిందని బోర్డు కంటే ముందు ఆ వాసనే చెబుతుంది. బస్టాండు దాటాక ఎడమ వైపు సందులో దండాసి అనే మెకానిక్ షెడ్డు ఉంది. ఆదివారం మధ్యాహ్నం వరకూ తెరుస్తాడని విని అక్కడికే వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడుకి దారం కట్టుకున్నాడు. కారు చూడగానే మొహం విప్పారింది.

"ఈ బండి నాకు తెలుసు. ఎవుడివి బాబూ నువ్వు? ఆయనేడీ?" అన్నాడు.

"ఆయన సంగతి తర్వాత. ఈ శబ్దం చూడండి" అన్నాను.

స్టార్ట్ చేయించి విన్నాడు. పైనున్న ఫ్యాన్ బెల్టు సాగిందనీ, పది నిమిషాల పని అనీ చెప్పాడు. నేను సంతోషించేలోపే ఇంజన్ పక్కనున్న నల్లటి ప్లాస్టిక్ మూత బోల్టులు విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు. లోపల పళ్ళున్న రబ్బరు పట్టీ ఒకటి ఉంది. దాని మీద వేలు పెట్టి, "ఇది మార్సాల. టైమింగ్ బెల్టు. ఇయ్యాలే మార్సెయ్యాల" అన్నాడు.

నేను వంగి చూశాను. పట్టీ నల్లగా, శుభ్రంగా ఉంది. చీలిక లేదు, పోగు లేదు. శబ్దం చేసేది పైది, మార్చమనేది లోపలిది.

"దీనికేమైంది? ఇది చప్పుడు చేయట్లేదు కదా?"

"అరిసేదాంతో భయం లేదు తమ్ముడూ. అరవనిదాన్నే సూసుకోవాల. అరిసేది తెగితే బ్యాటరీ సార్జవ్వదు. ఇది తెగితే ఇంజనే పోతాది."

"చూడ్డానికి కొత్తదానిలా ఉంది."

"ఉంటాది. తెగే రోజు దాకా అలగే ఉంటాది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

మీటరు అరవై ఒక్క వేల దగ్గర ఎప్పుడో ఆగిపోయింది. అదే చెప్పాను. దండాసి తల ఊపి, "నువ్వు కూకో. బెల్టు నా దగ్గిరే ఉంది. ఈ బండికి సరిపోయేదే..." అంటూ అటక వైపు చెయ్యి చాపాడు.

అక్కడే నాకు కోపం నషాళానికి అంటింది. ఇన్ని రకాల కార్లు తిరిగే ఊళ్ళో, ఆదివారం పూట, సరిగ్గా మా పాత కారుకి సరిపోయే బెల్టు అటక మీద సిద్ధంగా ఎలా ఉంది? వచ్చినవాడికల్లా ఇదే చెప్పి అంటగట్టడానికి కాకపోతే? అదే అడిగాను. అడగడం కాదు, అరిచాను. చప్పుడు చేసేదాన్ని పది నిమిషాల పని అనేసి, కనబడని చోట ఉన్నదాన్ని చూపించి భయపెట్టి అమ్మడం దోపిడీ కాదా అన్నాను. రోగులు ఎక్కే బండి దగ్గర కూడా ఈ వ్యాపారమేనా అన్నాను. పక్క షెడ్డులో టైర్లకు పంచర్లు వేసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

దండాసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏటి బాబూ, మీటింగు పెట్టేవా? మైకు తెప్పించమంటావేటి?" అన్నాడు. వాళ్ళు నవ్వారు. "నా మాట పూర్తిగా ఇనవా? ఆ బెల్టు..."

నేను వినలేదు. మూతను బోల్టులతో పైపైన తగిలించి, బానెట్ దించి, కారు తీసి, టెక్కలి వైపు తిప్పేశాను.

కాశీబుగ్గ నుంచి టెక్కలికి ముప్పై కిలోమీటర్లు. రహదారి బాగుంటుంది, మామూలుగా నలభై నిమిషాలు పడుతుంది. నేను ముప్పై నిమిషాల్లో వెళ్ళాను. కోపంగా ఉన్నప్పుడు కారు తొంభై దాటించవద్దని ఇది చదివేవారికి మనవి. ఆ ముప్పై కిలోమీటర్లూ ఆ పట్టీ ఎలాంటి స్థితిలో ఉందో తెలిసి ఉంటే నేను తోసుకుంటూ వెళ్ళేవాడిని.

టెక్కలిలో మెకానిక్ పేరు కూర్మారావు. అతని షెడ్డుకి సెలవు మంగళవారం, కాబట్టి ఆదివారం ప్రయాణించేవారికి పనికొస్తాడు. నా కంటే పదేళ్ళు పెద్ద ఉంటాడేమో. చేతిలో ఏ పనిముట్టు ఉన్నా దానితోనే వీపు గోక్కునే అలవాటు. ఈసారి నేను తెలివిగా ఉండాలనుకుని, "ఫ్యాన్ బెల్టు మార్చండి. ఇంకేమీ వద్దు" అన్నాను. మార్చాడు. పదిన్నరకి కారు స్టార్ట్ చేస్తే కీచుమనే అరుపు లేదు. రెండు వారాల తర్వాత మొదటిసారి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక బయలుదేరితే పన్నెండులోపే ఇంట్లో ఉంటాను. జేబులో చెయ్యి పెట్టాను.

"ఒక్క నిమిసం" అన్నాడు కూర్మారావు. "ఈ మూతకి బోల్టులు వదులుగా ఉన్నాయి. ఎవుడో విప్పి సరిగ్గా బిగించకుండా పంపీసేడు." దండాసి బిగించలేదు, ఎందుకంటే నేను బిగించనివ్వలేదు. ఆ ముక్క చెప్పలేదు. కూర్మారావు మూత తీసి, టార్చి వేసి చూసి, గోక్కోవడం ఆపేశాడు.

"తమ్ముడూ, ఇది మార్సాల."

రెండు ఊళ్ళు, ఇద్దరు మనుషులు, ఒకే మాట. "మీకు కాశీబుగ్గ నుంచి దండాసి ఫోన్ చేశాడా?" అన్నాను.

"దండాసెవుడు?" అన్నాడు.

అబద్ధమాడుతున్నాడా అని మొహంలోకి చూశాను. మొహంలో ఏమీ కనబడలేదు. ఇద్దరూ మోసగాళ్ళైతే మోసం చాలా పెద్దది. ఇద్దరూ నిజమే చెబుతుంటే పొద్దున నేను చేసింది ఏమిటి? కూర్మారావు మాత్రం నన్ను పట్టించుకోకుండా, నేల మీద ఒక చిన్న చక్రం, పైన ఒక పెద్ద చక్రం సుద్దముక్కతో గీసి చెప్పాడు. కింద ఇంజను తిరిగే ఇరుసు, పైన వాల్వులను తెరిచి మూసే ఇరుసు. రెండూ ఒకే తాళంలో తిరగాలి. వాటిని కలిపి ఉంచేది ఆ పట్టీ ఒక్కటే. అది తెగితే పైవి తెరిచినవి తెరిచినట్టే ఆగిపోతాయి, కిందినుంచి పిస్టన్లు వచ్చి వాటిని గుద్దేస్తాయి.

"అప్పుడు?"

"అప్పుడు ఇంజను మొత్తం విప్పాల. సామాను రావాల. పది రోజులకి తక్కువ కాదు."

పది రోజులు. డయాలిసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్ళేవాళ్ళు పది రోజులు ఏం చేస్తారో లెక్క వేసుకోనవసరం లేదు. ఐదింటికి ఆటో దొరుకుతుందేమో. దొరికినా, మిషను దిగాక నిలబడలేని మనిషి ఆటోలో ఎలా కూర్చుంటాడు? పైగా అది తెగేది ఇంటి దగ్గర కాదు, దారిలో, మనుషులతో నిండిన కారులో.

"సరే, ఇది ఇన్ని కిలోమీటర్లు తిరిగిందని మీకెలా తెలుసు?" అన్నాను, చివరి పట్టు వదలకుండా.

"నాకు తెలీదు. అందుకే అడగతన్నాను. ఈ ఇంజనుకి అరవై వేలకోసారో, ఐదేళ్ళకోసారో, ఏది ముందొత్తే అప్పుడు మార్సాల. మీటరు సచ్చిపోయింది. బండి ఎవుడిదో ఆయన్ని అడుగు."

చర్చి వదిలే దాకా, అంటే పన్నెండు నలభై దాకా, నేను ఆ షెడ్డులో బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాను, ముప్పై రూపాయలు, చట్నీ బాగుంటుంది. నాకు రుచి తెలియలేదు. ఆ తర్వాత ఫోన్ చేసి, కారు తీసింది నేనేననీ, టెక్కలిలో ఉన్నాననీ, మెకానిక్ ఏమన్నాడో అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"ఆదోరం నాడు తీసేవా అల్లుడా" అని మాత్రమే అన్నాడు.

"కిలోమీటర్లు ఎన్నో చెప్పు మావయ్యా. మీటరు పనిచేయట్లేదు."

"మీటరెందుకు. నేను సెప్తాను. బండి కొన్నప్పుడు కొత్త బెల్టేసి ఇచ్చేడు పాతాయన. ఆ నెల్లోనే మీటరు పోయింది. అక్కడినుంచి ముందుసీటు లెక్కెట్టుకో."

మా కారులో ముందుసీటు అందరికంటే నీరసంగా ఉన్నవారిది. వెనక కూర్చునేవాళ్ళు మారుతుంటారు గానీ, ముందుసీటు ఒక మనిషిదే. నేను స్పీకర్ పెట్టాను. కూర్మారావు సుద్దముక్క పట్టుకుని నేల మీద వంగాడు.

"సోమారం జట్టు. మొదట మీ అత్త. పద్నాలుగు నెల్లు." కారు కొన్నదే అత్త కోసమని నేను మరిచిపోలేదు. కానీ ఆ పట్టీ అత్త కూర్చున్న రోజుల్లోది అని అప్పుడే తెలిసింది. "తర్వాత సింహాచలం తాత, రెండేళ్ళు. తర్వాత మన దుర్యోధన. ఇరవైరెండు నెల్లు. వాడు నవ్వించీవోడు, దారి తెలిసీది కాదు. ఇప్పుడు రమణమ్మ, ఏడాది. మంగళారం జట్టు మూడేళ్ళ కిందట మొదలు. దానికి అప్పలస్వామి ఒక్కడే, మొదటినుంచీ."

కూర్మారావు నేల మీద పద్నాలుగు, ఇరవై నాలుగు, ఇరవై రెండు, పన్నెండు వేశాడు. సోమవారం జట్టుకి ఆరేళ్ళు. రానూపోనూ యాభై రెండు కిలోమీటర్లు, వారానికి మూడుసార్లు, ఏడాదికి ఎనిమిది వేల పైన. ఆరేళ్ళకి నలభై ఎనిమిది వేలు. మంగళవారం జట్టుకి మూడేళ్ళ ఇరవై నాలుగు వేలు. "డెబ్బై రెండు వేలు" అన్నాడు. "పెళ్ళిళ్ళు, పేరంటాలు కాకుండా."

డెబ్బై రెండు వేల కిలోమీటర్లు నేల మీద సుద్దతో ఉన్నాయి. వాటిలో ముగ్గురు లేరు.

కూర్మారావు ఇక నా అనుమతి అడగలేదు. జాకీ పెట్టి, చక్రం విప్పి, ఇంజనుకి కింద చెక్క ఆనించి, అరగంటలో ఆ పట్టీని బయటికి లాగాడు. నా చేతికిచ్చి, "ఎనక్కి మడత పెట్టి సూడు" అన్నాడు. మామూలుగా పట్టుకుంటే కొత్తదే. పళ్ళున్న వైపు బయటికి వచ్చేలా మడిచేసరికి, పళ్ళ మొదట్లో సన్నగా, వెంట్రుక మందాన, వరసగా గీతలు తెరుచుకున్నాయి. వదిలితే మూసుకుపోయాయి. మళ్ళీ మడిచాను. మళ్ళీ తెరుచుకున్నాయి. చాలాసార్లు అలా చేశాను. నేను చదివిన కాగితాల్లో ఎక్కడా ఈ గీతల గురించి లేదు.

"మరి దీన్నే బిగించి..." అన్నాను.

"బిగించను. తలకిందులుగా తపస్సు సేసినా బిగించను."

శ్రీకాకుళంలో తనకు తెలిసిన రెండు దుకాణాలకి ఫోన్ చేశాడు. ఆదివారం, రెండూ మూసేశారు. సోమవారం పది గంటలకి బస్సులో పార్సిల్ వేస్తారట. సోమవారం ఐదింటికి రమణమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంటుంది. కారు టెక్కలిలో విప్పేసి ఉంది. దాన్ని విప్పే దాకా తెచ్చింది నేను. మళ్ళీ మావయ్యకే ఫోన్ చేశాను.

"పలాసలో దండాసి దగ్గిర బెల్టు ఉంది కదరా" అన్నాడు మావయ్య. "ఎనిమిది నెల్ల కిందట నేనే తెప్పించి ఉంచమన్నాను. ఎల్లడానికి రోజు దొరకలేదు."

దండాసి పూర్తిచేయలేకపోయిన మాట అదన్నమాట.

"నువ్వు వద్దంటే చేయించను మావయ్యా. ఆదివారం కదా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పొద్దున ఆ నియమాన్ని లెక్కచేయనివాడిని నేనే.

"ఆదోరం నాదిరా. సోమారం రమణమ్మది" అన్నాడు మావయ్య. "ఇప్పీసిన బండినొదిలి రాకు. దండాసికి నేను ఫోన్ సేత్తాను. నువ్వెల్లి ముందు ఆయనకి దండం పెట్టు."

టెక్కలి నుంచి కాశీబుగ్గకి బస్సులు తరచూ ఉంటాయి. నాకు ఒంటిగంటన్నర దాటాక దొరికింది, యాభై రూపాయలిచ్చి చిల్లర కూడా తీసుకోకుండా ఎక్కాను. రెండున్నరకి దిగేసరికి సందులో అన్ని షెడ్లూ మూసి ఉన్నాయి. దండాసి మాత్రం తన షట్టరు ముందు స్టూలు వేసుకుని, ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం తినడానికి కూడా వెళ్ళలేదని తర్వాత తెలిసింది. పెట్టె మీద నల్ల ఇంకుతో 'యోహాను, మందస' అని రాసి ఉంది. అక్షరాల మీద దుమ్ము.

"తప్పయింది" అన్నాను.

"మైకు తెచ్చేవా?"

రెండు చేతులూ జోడించాను.

"సర్లే. తిట్టినోడివీ నువ్వే, తిరిగినోడివీ నువ్వే. నాకేటి నష్టం? కాళ్ళు నీవి." పెట్టె చేతిలో పెట్టాడు. "బెల్టొక్కటే కాదు, దాన్ని బిగువుగా పట్టుకునే టెన్సనరు కూడా ఇందులో ఉంది. పాతది ఉంచుతానంటే ఒప్పుకోకు. ఎవుడు బిగిత్తన్నాడు?"

"టెక్కలి కూర్మారావు."

"పేరినలేదు. పైనా కిందా గుర్తులు సూసుకున్నాడా లేదా, అది అడుగు. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి లాగదు. రెండు మూడు పళ్ళు తేడా వత్తే మొదటి తిప్పుకే వాలువులు వంగిపోతాయి." ఇంకేదో అనబోయి ఆగి, "ఎనిమిది నెల్లనుంచీ ప్రతీ ఆదోరం తెమ్మంటాను. ఆదోరం రాడు. మిగతా రోజులు రాలేడు. నువ్వైనా తెచ్చేవనుకున్నాను పొద్దున్న" అన్నాడు.

బెల్టుకీ టెన్షనర్‌కీ కలిపి మూడు వేల ఎనిమిది వందలు. ఇద్దామంటే, మావయ్య తెప్పించమన్నప్పుడే ఇచ్చేశాడన్నాడు. తిరుగు బస్సులో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పొద్దున నన్ను నమ్మించిన రుజువు ఇదే కదా అనిపించింది. అటక మీద సిద్ధంగా ఉండటమే మోసానికి రుజువనుకున్నాను. అది ఒక మనిషి ఇంకో మనిషి కోసం దాచిపెట్టడం కూడా కావచ్చని తట్టలేదు. రెండూ బయటికి ఒకేలా ఉంటే తేడా ఎలా తెలుసుకోవాలి?

నాలుగుకి టెక్కలి చేరాను. కూర్మారావు పైచక్రం మీదున్న గీతనీ, కిందచక్రం మీదున్న చుక్కనీ వాటివాటి గుర్తులకి ఎదురుగా నిలబెట్టి, కొత్త బెల్టు తొడిగి, బిగువు సరిచేశాడు. తర్వాత పొడుగు పానా నా చేతికిచ్చాడు. "ఇంజను నువ్వే తిప్పు. సేత్తో. మెల్లగా. ఎక్కడేనా గట్టిగా తగిల్తే ఆపీ. బలవంతం పెట్టకు."

బలవంతం పెట్టవద్దని నాకు చెప్పడంలో ఉద్దేశం ఉందేమో తెలియదు. రెండు చేతులతో తిప్పాను. లోపల ఏదో బరువుగా ఎదురు తిరిగి, మళ్ళీ వదిలింది. ప్రతి ఎదురుకీ పానా ఆపి కూర్మారావు వైపు చూశాను. కింది చుక్క ఒక చుట్టు తిరిగి మళ్ళీ తన గుర్తు దగ్గరికి వచ్చింది. పైకి చూస్తే పైచక్రం గీత ఎక్కడో అటువైపు ఉంది.

"తప్పిపోయింది! కలవలేదు!" అని అరిచాను.

"అరవకు. కింద రెండు తిరిగితే పైన ఒకటి. ఇంకోటి తిప్పు."

తిప్పాను. రెండో చుట్టు పూర్తయ్యేసరికి గీత, చుక్క, రెండూ తమ తమ చోట్లకి ఒకేసారి వచ్చి నిలబడ్డాయి. సగం దారిలో చూస్తే తప్పులాగే కనబడేది, పూర్తిగా తిప్పితే తప్పు కాదు. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అనుకుంటూ పానా తీసేశాను. ఆరున్నరకి తాళం తిప్పితే ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. కూలి పదిహేను వందలు. మూడున్నర గంటల పనికి అది న్యాయమని నాకు తోచింది. పాత పట్టీ చుట్టి వెనకసీటులో పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు కాశీబుగ్గ దాకా యాభై మించలేదు. ఎనిమిదిన్నరకి ఇల్లు చేరితే మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తాళం తీసుకుని, "అన్నం తిన్నావా?" అన్నాడు. అంతే.

సోమవారం ఐదుకి పది నిమిషాల ముందు బానెట్ ఎత్తాను. బెల్టు మార్చిన తేదీ లోపలి వైపు రాయమని కూర్మారావు చెప్పాడు. చెరగని ఇంకు పెన్నుతో తేదీ వేశాను. కిలోమీటర్లు వేయడానికి మీటరు లేదు. దాని కేబులు ఎక్కడా దొరకడం లేదట. అందుకని ముందుసీటు లెక్కే మేలనుకుని, తేదీ కింద 'సోమవారం' అని రాసి, పక్కన 'రమణమ్మ' అని మొదలుపెట్టాను. మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"బతికున్నోల పేరెట్టి లెక్క మొదలెట్టకురా. అది అయిపోయినాకే సెప్పుకోవాల."

నిన్న ఫోన్‌లో ఆయన ఒక్కో పేరూ చెప్పినప్పుడు ఎంత బరువు మోశాడో అప్పుడు తెలిసింది. రాసిన 'రమణ' కొట్టేయాలా, ఉంచాలా తెలియక పెన్ను పట్టుకుని నిలబడ్డాను. అంతలో గుడ్డసంచి భుజాన వేసుకుని రమణమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, కొబ్బరితోటలో పని చేసిన చేతులు, ఇప్పుడు వాటి మీద ఉబ్బిన నరాలు. సగం రాసిన పేరును తొంగి చూసింది. చదవడం వచ్చు ఆమెకి.

"ఏటి, నా పేరెందుకు?"

బెల్టు ఎన్నాళ్ళు తిరిగిందో తెలియడానికి అన్నాను.

"ఎన్నాళ్ళుంటాది ఇది?"

"రెండు జట్లూ తిరుగుతున్నాయి కాబట్టి మూడున్నరేళ్ళు."

ఆమె ముందుసీటు తలుపు తీసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "రాయనీ యోహానూ" అంది. "మూడున్నరేళ్ళకి దీన్ని మార్సినపుడు నేనే వచ్చి తేదీ సూత్తాను. అదే ముందు పోతాదో నేనే పోతానో పందెం." తర్వాత నా వైపు తిరిగి, "పూర్తిగా రాయిరా గుంటడా. సగం పేరెట్టి వదిలీసేవేటి?"

మావయ్య నా చెయ్యి వదిలాడు. నేను పూర్తిగా రాశాను.

కారు వెళ్ళిపోయాక అరుగు మీద పాత పట్టీ పట్టుకుని కూర్చున్నాను. కంపెనీలు మోసం చేస్తాయన్న నా మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. చేస్తాయి. కానీ కాశీబుగ్గలో ఒక మనిషి చేయలేదు. ఆ రెండింటినీ ఒకే తలలో ఎలా పెట్టుకోవాలో ఏ కరపత్రమూ నాకు చెప్పలేదు. ఆదివారం నియమం వల్ల బెల్టు ఎనిమిది నెలలు ఆలస్యమైంది, అది నిజం. ఆరు రోజులు ఎవరి కోసమో తిరిగే మనిషికి ఏడో రోజు తనదంటూ ఒకటి ఉండాలి, అదీ నిజం. తెల్లవారి అందరూ పనుల్లోకి వెళ్ళేదాకా ఆ పట్టీని మడుస్తూ, వదులుతూ ఉన్నాను. గీతలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

ఈ వైపు పాత డీజిల్ కారుతో వచ్చేవారికి ఒక్క సలహా. టైమింగ్ బెల్టు మార్పించిన రోజునే బానెట్ లోపల తేదీ రాయండి, మీటరు పనిచేయకపోతే వారానికి ఎన్ని రోజులు ఎక్కడికి తిరుగుతుందో కూడా రాయండి. పాతదాన్ని మెకానిక్ దగ్గర వదిలేయకుండా అడిగి తీసుకుని, వెనక్కి మడిచి చూడండి. మెకానిక్ ఏదైనా చెప్పబోతుంటే మాత్రం, దయచేసి, చివరిదాకా వినండి.